తిత్తి గుంజిన చెయ్యి

1975 మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, నాకు పదమూడేళ్లు. మాది దేవరకొండకు దక్షిణాన, నల్లమల గుట్టలు మబ్బు పట్టినట్టు దూరంగా కనబడే చిన్న ఊరు. మేం కమ్మరోళ్లం. మే నెల ఆఖరు నుంచే మా కొలిమి ముందు నాగటి కర్రులు వరుస కట్టేవి. మొద్దుబారిన కర్రును కాల్చి, సాగగొట్టి, మొన తీసి, పదును పెట్టిస్తే తప్ప మా ఎర్ర చెలకల్లో నాగలి దిగదు. ఆ ఏడు సరిగ్గా మిరుగానికి రెండు రోజుల ముందు నాయిన జ్వరంతో మంచం పట్టాడు. తాత సుత్తె పట్టాడు, చిన్నాయిన సమ్మెట ఎత్తాడు. తిత్తి గుంజే మనిషి లేడు.

ఏడో ఏట నుంచి తిత్తి గుంజుతున్నదాన్ని నేను. కానీ ఆ పొద్దు ముట్టులో ఉన్నాను. పెద్దమనిషినై మూడు నెలలే అయింది. ముట్టు రోజుల్లో ఆడది కొలిమి దగ్గరికి వస్తే ఇనుము అలుగుతుందని, కర్రు విరుగుతుందని, కాళికమ్మ కన్నెర్ర చేస్తుందని ఇంట్లో గట్టి మాట. అమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయి నెత్తిన నాలుగు చెంబుల నీళ్లు పోసి చెవిలో చెప్పింది. "నోరు మెదపకు బిడ్డా. పోయి గుంజు. వానకు ముందు కర్రులు పోకపోతే మేర రాదు."

మేర అంటే మా బతుకు. ఏడాది పొడుగునా రైతుకు పని చేసి పెడితే, పంట నూర్చిన కళ్లం మీద కొలిచి పోసే గింజలే మా కూలి. అమ్మ చెప్పినట్టే పోయి గుంజాను. తోలు తిత్తి లేచి పడుతుంటే బొగ్గుల్లోంచి నీలి మంట లేచేది. నాకు మాత్రం అందులో కాళికమ్మ కళ్లే కనబడ్డాయి. పొద్దుగూకేదాకా చేసి ఇరవై రెండు కర్రులు పంపించాం.

ఇరవై ఒకటి బాగానే దున్నాయి. ఇరవై రెండోది పది రోజులకే విరిగి తిరిగొచ్చింది. రైతు దాన్ని దాగలి మీద పెట్టి ఏమీ అనకుండా నిలబడ్డాడు. తాత విరిగిన చోటును ఎండకు పెట్టి తిప్పి చూశాడు. విరుపులో గింజ జొన్నగింజంత లావుగా మెరుస్తోంది. "కాక ఎక్కువైంది పటేలా. కండ్లకు పొర కమ్మింది, ఎరుపు ఏ ఎరుపో ఆనలేదు. తప్పు నాదే" అన్నాడు. ఊరికే ఇంకొకటి చేసి ఇచ్చాడు. గడప వెనక నిలబడి వింటున్న నాకు ఆ మాట ఎక్కలేదు. కాక ఎక్కువైందంటే గాలి ఎక్కువైనట్టే కదా, గాలి నాదే కదా. ఆ కర్రు నావల్లే విరిగిందని ఏడెనిమిదేళ్లు మోశాను. డిగ్రీలో ఇనుము అతిగా వేడెక్కితే లోపలి గింజ పెరిగి పెళుసవుతుందని చదివిన రోజు, పుస్తకం మూసి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ముప్పై ఏళ్లకు పైగా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పరిషత్తు బడుల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు రెండు రకాల మాటలు నా చెవిన పడుతున్నాయి. సెప్టెంబర్ 17న విశ్వకర్మ జయంతి సభల్లో మైకు పట్టినవాళ్లు, మన పెద్దల ఆచారాలన్నీ అసలు సిసలైన శాస్త్రమే అంటారు. చదువుకున్న నా తోటివాళ్లేమో కమ్మరి నమ్మకాలన్నీ మూఢత్వమే, ఊడ్చి అవతల పారేయాలంటారు. ఈ ఇద్దరిలో ఎవరూ కొలిమి దగ్గర కూర్చున్నవాళ్లు కారనిపిస్తుంది. పాత ఇనుము కుప్ప ముందు కూర్చుంటే మా తాత ఒక్కో ముక్కనూ రాతి మీద వేసి మోగించి చూసేవాడు. ఇది కర్రుకు, ఇది మేకుకు, ఇది దేనికీ పనికిరాదు అని వేరు చేసేవాడు. మా నమ్మకాలనూ అట్లాగే ఒక్కొక్కటిగా మోగించి చూడాలి.

అమాస మాటే తీసుకోండి. మా ఇంట అమాస నాడు కొలిమి రాజేయరు. దాగలి మీద దెబ్బ పడదు. తాత పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి, చింతచెట్టు కింద గొంగడి పరుచుకుని పడుకునేవాడు. ఇంటర్ చదివేటప్పుడు కొత్త తెలివితో అడిగాను. "చంద్రుడు కనబడకుంటే ఇనుముకేమైతది తాతా?" ఆయన కళ్లు తెరవకుండానే అన్నాడు. "ఇనుముకేం గాదు బిడ్డా. మనిషికైతది."

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను మరిచిపోలేను. నిజాం పాలనలో, పోలీసు యాక్షన్‌కు ముందు, దొర గడీకి కర్రులు, గొడ్డళ్లు, బండి పట్టాలు, తలుపు గొలుసులు అన్నీ ఉత్తపుణ్యానికే చేసి పెట్టాలి. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన తెలంగాణ పోరాట చరిత్రలో వెట్టి చేసిన కులాల వరుసలో కమ్మరి, వడ్రంగి కూడా ఉన్నారు. జ్వరమొచ్చిందంటే గడీ వినదు. ఇంట్లో పెళ్లంటే వినదు. అమాస అంటే మాత్రం దొర కూడా మారు మాట్లాడేవాడు కాదట. కాళికమ్మ కోపం తన నెత్తిన కూడా పడుతుందని భయం. నెలకు ఒక్క రోజు మా తాత సుత్తె దించి నడుము వాల్చాడంటే ఆ నమ్మకం పుణ్యమే. కార్మికులకు వారాంతపు సెలవు చట్టం రాసిచ్చే దాకా ఆగకుండా, మావాళ్లు దేవతను అడ్డం పెట్టుకుని సెలవు సంపాదించుకున్నారు. దాన్ని మూఢనమ్మకమని కొట్టేయడానికి నాకు నోరు రాదు.

అట్లాంటి దొరల మీద సాగిన ఆ తెలంగాణ పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోది. ఆ తర్వాతి రోజుల్లో ఊళ్లలో కమ్మరి కొలుములు బరిసెలు సాగగొట్టాయి, భర్మార్లు బాగు చేశాయి. మా ఇంట్లో ఒక కథ చెప్పుకుంటారు. రాత్రిపూట కొలిమి వెలిగితే అది కమ్మరి పని కాదని, ఊరి కమ్మరి పితరులు వచ్చి ఇనుము కొట్టుకుంటారని మా ముసలవ్వ ఒకామె ఊరంతా చెప్పి పెట్టిందట. ఆ దెబ్బకు దొర మనుషులు చీకటి పడ్డాక మా వాడకట్టు వైపు రాలేదట.

ఇక పదును. ఎర్రగా కాలిన అంచును నీళ్లలో ముంచే క్షణాన మా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. ఎండ పొడ లోపలికి రాకూడదు. పరాయి నీడ తొట్టి మీద పడకూడదు. పడితే పదును నీళ్లపాలవుతుందనేవారు. చిన్నప్పుడు ఇది మంత్రమనుకున్నాను. సైన్సు చదివాక తాత పక్కన కూర్చున్నట్టు మళ్లీ మనసులోనే చూశాను. ముంచి తీసిన అంచును ఆయన ఇసుక మీద గీకి తెల్లగా చేసేవాడు. వెనక మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంటే దాని మీద రంగులు నడుస్తాయి. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత ఉల్లిపొర రంగు, ఆ వెనక నెమలిమెడ రంగు. దాదాపు 220 డిగ్రీల దగ్గర గడ్డి రంగు వస్తుంది, 300 దగ్గర నీలం తేలుతుంది. ఏ పనిముట్టుకు ఏ రంగు దగ్గర ఆపాలో ఆపి మళ్లీ ముంచేయాలి. చూడటానికి దొరికేది నాలుగైదు క్షణాలే. ఎండ పడితే రంగు కనబడదు. ఎవరైనా పిలిస్తే చూపు తప్పుతుంది. చేతిలో థర్మామీటర్ లేని మనిషి కన్ను చెదరకుండా చూసుకోవడానికి కట్టుకున్న కంచె అది. ఎంత సున్నితమైన కంచె!

ఇక్కడే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ నీడ అందరి నీడా ఒకటి కాలేదు. పటేలు వచ్చి తొట్టి పక్కన నిలబడితే, కొంచెం జరుగు పటేలా అని మెల్లగా అనేవాళ్లు. మాదిగ వాడ నుంచి వచ్చిన మనిషిని మాత్రం అసలు పందిరి కిందికే రానిచ్చేవాళ్లు కారు. మా కొలిమికి ఊపిరి పోసిన తిత్తి తోలు ఎవరి చేతి పనో తెలుసా? ఆయన చేతిదే. తోలు ఊని, పదును చేసి, కుట్టి ఇచ్చిన మనిషి ఆ తిత్తి గాలికి రాజుకున్న నిప్పును దూరం నుంచి చూసి పోవాలి. పని కోసం పుట్టిన నియమంలోకి కులం ఇట్లా దూరింది. నీడ పడొద్దన్న మాటలో ఉన్న నేర్పును నేను ఇష్టంగా దాచుకుంటాను. అందులోని అంటరానితనాన్ని మాత్రం మావాళ్లు చేసిన పాపమని ఒప్పుకుంటాను.

మా జాతి కథల్లో లోహం గురించిన జ్ఞానం దాక్కుని ఉంటుంది. థర్‌స్టన్ 1909లో అచ్చు వేసిన దక్షిణ భారత కులాల పుస్తకాల్లో తమిళ కమ్మాళుల కథ ఒకటుంది. వాళ్లు అయస్కాంతపు రాళ్లతో కట్టిన కోటలో ఉండేవాళ్లట. శత్రువు ఏ ఆయుధం తెచ్చినా కోట గోడ దాన్ని లాగేసుకునేదట. చివరికి వేశ్యలు లోపలి రహస్యం రాబట్టారు. కోట చుట్టూ అరికె గడ్డి పేర్చి నిప్పు పెడితే సరి, గోడ బలం పోయిందట. పదో తరగతి పిల్లలకు ఈ కథ చెప్పి, సూదంటురాయిని కాలిస్తే ఏమవుతుందని అడిగేదాన్ని. సహజ అయస్కాంతం సుమారు 580 డిగ్రీల దగ్గర తన గుణం కోల్పోతుంది. ఈ కథ కట్టినవాడెవడో సూదంటురాయిని నిప్పుల్లో వేసి చూసినవాడే అయి ఉంటాడని నాకు గట్టి నమ్మకం.

తంగేడు సంగతి ఇంకా గొప్పది. ఉక్కు అన్న మన మాటే సముద్రాలు దాటి ఇంగ్లీషులో వూట్జ్ అయిందని పండితుల్లో ఎక్కువమంది చెబుతారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన ఉక్కును కొనడానికి ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లని హెన్రీ వోయ్‌సీ అనే ఆంగ్లేయుడు రాశాడు. ఆ వ్యాసం 1832లో అచ్చయింది. తమిళ దేశంలో మూసలో ఇనుముతో పాటు తంగేడు కట్టె ముక్కలు వేసి, పైన జిల్లేడు ఆకులు కప్పి మట్టితో మూసేవాళ్లని 1839లో జోసయా హీత్ అనే ఇంకో ఆంగ్లేయుడు రాశాడు. ఆకులు వేయడం ఏదో పూజ తంతు అనుకునే వీలుంది. కానీ ఇనుముకు బొగ్గు సారం ఎక్కి ఉక్కుగా మారింది వాటి వల్లే. అట్లాంటి ఉక్కులో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. మనం బతుకమ్మలో పేర్చే తంగేడు, రాష్ట్ర పుష్పమని గౌరవించుకునే తంగేడు, మూసలోకి పోయి కత్తి అంచయి తిరిగొచ్చిందన్నమాట. ఏది పూజ, ఏది పద్ధతి అని గిరి గీయడం ఇక్కడ నాకు చేతకాదు. ఇనుము కరిగించిన ఉత్తర తెలంగాణ ఊళ్లలో చిట్టెం కుప్పల పక్కనే మమ్మాయి దేవత గుళ్లు ఉండటం కూడా అందుకే వింతనిపించదు.

అయితే గుళ్లోంచి వచ్చిందల్లా మంచిదని మాత్రం అనను.

ఇనుమును చూస్తే దయ్యం పారిపోతుందన్న నమ్మకం మన ఊళ్లలో చాలా పాతది. నాగార్జునసాగర్ నీళ్ల కింద మునిగిపోక ముందు మా దేవరకొండ తాలూకా ఏలేశ్వరంలో పెద్దరాతి సమాధులు తవ్వితే ఇనుప పనిముట్లు బయటపడ్డాయి. చచ్చిన మనిషి పక్కన ఇనుము పెట్టినవాళ్ల మనసులో ఏముందో గాని, మా ఊళ్లో పుట్టిన బిడ్డ పక్కన ఇనుము పెట్టడం నేను చూశాను. బాలింత మంచం కింద కొడవలి ఉండాలి. గాలి సోకకుండా, పక్షి నీడ పడకుండా కాపలా అది. ఒంటరిగా చీకటి గదిలో పడుకున్న పచ్చి బాలింతకు ఆ కొడవలి కొంత ధైర్యమిచ్చిందేమో, కాదనను. కానీ అదే కొడవలితో బొడ్డు కోసిన ఇళ్లు ఉన్నాయి. గడ్డి కోసిన అంచు, పేడ అంటిన అంచు. వారం తిరగకముందే బిడ్డ దవడలు బిగుసుకుని, విల్లులా వంగి పోయేది. దాన్నే దయ్యం పట్టిందనేవాళ్లు. ధనుర్వాతం అన్న పేరు నేను బడిలో నేర్చుకున్నాను. తల్లులకు టీకాలు వేసి, కాన్పులను దవాఖానకు తెచ్చి, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగాక, 2015లో గాని మన దేశం ఈ పురిటి ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోలేదు. మంచం కింది కొడవలి కాపాడలేని బిడ్డల్ని సూదిమందు కాపాడింది.

సురక గురించి రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. అయినా రాస్తాను. పసిరికలయితే చేతి మీద, పక్కలు ఎగరేస్తే కడుపు మీద, కాల్చిన ఇనుప కడ్డీతో సురకలు పెట్టడం మా ప్రాంతంలో ఉండేది. కొన్ని చోట్ల ఇంకా ఉంది. నిప్పు, ఇనుము రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి జనం మా గడపకే వచ్చేవాళ్లు. మా తాత పెట్టేవాడు. ఎంత చల్లని మనిషి! కోడిపిల్లను తొక్కకుండా నడిచేవాడు. అయినా పెట్టేవాడు, మేలు చేస్తున్నాననే నమ్మి. నాకు పదేళ్లున్నప్పుడు పక్క తండా నుంచి ఒక తల్లి చంటిబిడ్డను ఎత్తుకొచ్చింది. ఊపిరి అందక పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. తాత సన్న కడ్డీ కాల్చాడు. బిడ్డ అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అరవడానికి కూడా దానికి గాలి లేదు. మర్నాడు పోయిందని కబురొచ్చింది.

తాత ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత ఎవరు సురకకు వచ్చినా, మొలలో దాచిన డబ్బుల్లోంచి బస్సు చార్జీ తీసిచ్చి సర్కారు దవాఖానకు తోలేవాడు. "నా కడ్డీ కర్రుకే. పిల్లలకు గాదు" అనేవాడు. ఆయనకు ఎవరూ సైన్సు పాఠం చెప్పలేదు. కళ్లతో చూసి మానుకున్నాడు. ఊపిరితిత్తుల వాపుకు, కామెర్లకు ఈ రోజు కూడా ఎవరైనా కడ్డీ కాలుస్తుంటే, చేసేవాడు నా కులంవాడైనా సరే, చుట్టమైనా సరే, అది నేరమే. ఆచారమని దాని వెనక నిలబడే ప్రతి సంఘం పెద్దనూ నేను నిలదీస్తాను.

కమ్మరి చుట్టూ అల్లుకున్న నమ్మకాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఆర్మేనియా ప్రాచీన చరిత్రకారుడు మోవ్సేస్ ఖొరెనాత్సి ఒక సంగతి రాశాడు. కొండ గుహలో సంకెళ్లతో బంధించిన అర్తవజ్ద్ అనే రాజు బయటపడితే లోకానికి ముప్పట. అందుకని అక్కడి కమ్మరులు వారంలో మొదటి రోజున ఉత్త దాగలి మీద మూడు నాలుగు దెబ్బలు కొట్టి ఆ సంకెళ్లను గట్టి చేసేవాళ్లట. ఇది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. మా తాత కూడా పొద్దున్నే కొలిమి రాజేసే ముందు ఉత్త దాగలి మీద మూడు సార్లు మెల్లగా తట్టేవాడు. దాగలిని లేపుతున్నానని చెప్పేవాడు. పగులు పడితే ఆ మోతలోనే తెలిసిపోతుందని నాయిన తర్వాత చెప్పాడు. ఇథియోపియాలో మాత్రం కథ తలకిందులైంది. కమ్మరులది చెడు చూపని, రాత్రయితే వాళ్లు దుమ్ములగొండ్లుగా మారతారని నమ్మి జనం వాళ్లను తరతరాలుగా వెలివేశారు. ఇనుము చేసేవాడి మీద ఉన్న భయం మా తాతకు అమాస సెలవు సంపాదించి పెట్టింది, అక్కడ మరొక తాతను ఊరి బయట నిలబెట్టింది.

మళ్లీ నా తిత్తి దగ్గరికి వస్తాను. నాకు చెప్పాల్సింది ముఖ్యంగా అదే.

మా పాలమూరు, నల్లగొండ ఊళ్లలో కమ్మరి కొలిమి ఆడమనిషి లేకుండా ఎన్నడూ నడవలేదు. మగవాడు పట్టకారుతో ఇనుము పట్టి చిన్న సుత్తెతో చోటు చూపిస్తాడు. ఆ చోటున సమ్మెట దెబ్బ పడాలి. కొడుకు లేని ఇంట, కొడుకు పట్నం పోయిన ఇంట ఆ సమ్మెట ఎత్తింది భార్యే. తిత్తి గుంజింది కూతురో కోడలో. చుట్టూ పిడకలు పేర్చి కాల్చిన బండి పట్టాను చక్రానికి ఎక్కించేటప్పుడు కుండలతో నీళ్లు పోసింది వాళ్లే. తొట్టిలో నీళ్లు నింపింది, బొగ్గులు ఏరింది, మేర గింజలు చెరిగింది వాళ్లే. అయినా దసరా నాడు దాగలికి బొట్టు పెట్టేది మగవాళ్లే. నెలకు మూడు రోజులు ఆమె అంటు. నీడ నియమం వెనక కంటిచూపు ఉంది, అమాస వెనక అలసిన నడుము ఉంది. ఈ ముట్టు నియమాన్ని ఎన్ని వైపుల నుంచి మోగించి చూసినా నాకు బోలు మోతే వినబడింది. ఆ మూడు రోజులు ఆమెకు విశ్రాంతి కదా అంటారు కొందరు. విశ్రాంతి అయితే గొంగడి ఇచ్చి చింతచెట్టు కింద పడుకోబెట్టాలి, తాత పడుకున్నట్టు. పశువుల కొట్టం పక్కన చాప వేసి, ఇనుము నీవల్ల విరుగుతుందని పదమూడేళ్ల పిల్లతో అనకూడదు.

ఈ అంటు ఇప్పుడు కాగితాల మీదికి వేరే రూపంలో వచ్చింది. 2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తులు, వాటిలో కమ్మరం ఒకటి. మొత్తం 13,000 కోట్ల రూపాయల పథకం. ఐదు నుంచి ఏడు రోజుల మొదటి శిక్షణ, రోజుకు 500 భృతి, పనిముట్లకు 15,000, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. మంచిదే, మావాళ్లకు అందుతున్నంత మేర సంతోషమే. కానీ కుటుంబానికి ఒక్కరికే నమోదు. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం. ఆ ఒక్క పేరు ఎవరిదో చెప్పాలా? మా చుట్టాల్లో నేను చూసిన ఇళ్లన్నింటిలోనూ మగవాడిదే. పదిహేనేళ్లు సమ్మెట కొట్టిన మా మేనకోడలు వృత్తి గడిలో గృహిణి అని రాయించుకుని వచ్చింది.

ఆ నియమం మార్చాలి. ఒకే కొలిమి మీద ఇద్దరు పని చేస్తే ఇద్దరి పేర్లూ కమ్మరులుగానే రాయాలి. అప్పు ఒకటే ఇవ్వండి, పనిముట్లు ఒక జతే ఇవ్వండి, శిక్షణ మాత్రం ఇద్దరికీ ఇవ్వండి, గుర్తింపు కార్డు ఇద్దరికీ ఇవ్వండి. మా కుల సంఘాల పెద్దలకు చెప్పేది ఇంకా సులువు. ఈ దసరాకు దాగలికి బొట్టు మీ కోడలి చేత పెట్టించండి, ఆమె ఏ రోజున ఉందని అడగకుండా.

ఇంకొక పని కూడా తొందరగా జరగాలి. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసి, జనం తిండి, ఆట, బట్ట, నమ్మకం కూడా చరిత్రేనని చూపించారు. తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టుకున్నాం. మా కొలిమి మాటలు, నియమాలు, రుంజవాళ్లు చెప్పే విశ్వకర్మ కథలు ఎవరు రాస్తారు? రౌంజకాసురుణ్ని చంపి ఆ చర్మంతో రుంజ చేశారని చెబుతూ ఆ పెద్ద డోలు మోగిస్తుంటే చిన్నప్పుడు మా వాడంతా కదిలి వచ్చేది. ట్రాక్టర్ వచ్చాక కర్రు పోయింది, రబ్బరు టైరు వచ్చాక బండి పట్టా పోయింది, వాటితో పాటే వాటి చుట్టూ ఉన్న మాటలూ పోతున్నాయి. డిగ్రీ పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. సెలవుల్లో ఊరికి పోయి ముసలి కమ్మరిని, మరిచిపోకుండా ముసలి కమ్మరి భార్యను, కూర్చోబెట్టి రికార్డు చేయమని అధ్యాపకులు చెబితే చాలు. పనికొచ్చేవే కాదు, సిగ్గుపడాల్సినవి కూడా రాసుకోవాలి. సురకను దాచి అమాసను మాత్రం చూపిస్తే అది చరిత్ర అనిపించుకోదు.

మొన్న సంక్రాంతికి అచ్చంపేట దగ్గర మా మేనమామల ఊరికి పోయాను. అమ్మ ఇప్పుడు అక్కడే ఉంటోంది. ఎనభై ఏడేళ్లు. కొలిమి ఉన్న చోట వెల్డింగ్ షెడ్డు వెలిసింది. మిషన్ పెట్టెకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. పాత దాగలి మూలన ఉంది, దాని మీద టీ గ్లాసులు పెట్టారు. ఆ గ్లాసులు తీసి కింద పెట్టి, అమ్మ పక్కన కూర్చుని, యాభై ఏళ్లుగా దాచుకున్న మాట చెప్పాను. ఆ విరిగిన కర్రు నావల్లే విరిగిందని ఎంత భయపడ్డానో చెప్పాను.

అమ్మ నా వైపు కొత్తగా చూసింది. "నువ్వొక్కదానివే గుంజినవనుకున్నవా?" అంది. "నేను మీ ఇంటికొచ్చిన ఏడే, ముట్టుల ఉన్నప్పుడు మీ నాయినమ్మ నన్ను పంపింది. నీళ్లు పోసి, చెవిల చెప్పి పంపింది. ఆమెను వాళ్లత్త పంపిందంట."

తన కుడి అరచేతిని ఒళ్లోంచి తీసి నా ముందు పెట్టింది. తిత్తి గొలుసు ఒరిసిన చోట, వేళ్ల మొదట్లో, నాలుగు కాయలు ఇంకా గట్టిగా ఉన్నాయి.